24కీ 25కీ మధ్య

దండి యాత్ర నాటి న్యూస్‌రీళ్లలో గాంధీ గబగబా నడుస్తాడు. 60 ఏళ్ల వయసులో, 1930 మార్చి 12న సబర్మతిలో బయలుదేరి 24 రోజుల్లో 385 కిలోమీటర్లు నడిచిన మనిషి ఆయన. నిజంగానే వడివడిగా నడిచేవాడు. కానీ ఆ రీళ్లలో తొందర ఆయన ఒక్కడిదే కాదు. పక్కన నడిచేవాళ్ల చేతులు, దండం పెట్టేవాళ్ల తలలు, అన్నీ కీ ఇచ్చిన బొమ్మల్లా కదులుతుంటాయి. ఆ వడిలో గాంధీది ఎంత, ప్రొజెక్టరుది ఎంత?

లెక్క కష్టమేమీ కాదు. మూకీ కెమెరా సెకనుకు 16 ఫ్రేములు తీసిందనుకుందాం. టాకీ ప్రొజెక్టరు సెకనుకు 24 చూపిస్తుంది. గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచినవాడు తెరమీద ఆరు నడుస్తాడు.

ఏ.కె. చెట్టియార్ అనే తమిళ రచయిత 1937 నుంచి 1940 దాకా దేశాలు పట్టి తిరిగి, గాంధీ కనిపించే ఫిల్ము ఎక్కడ దొరికితే అక్కడ సేకరించాడు. సుమారు 50 వేల అడుగులు పోగయింది. అందులోంచి ఏరి కూర్చిన డాక్యుమెంటరీ 1940లో మద్రాసులో తమిళ వ్యాఖ్యానంతో విడుదలైంది. తరవాత తెలుగులోనూ వచ్చింది. మూకీ కాలపు రీళ్లూ టాకీ కాలపు రీళ్లూ ఒకే దండలో గుచ్చాల్సిన పని అది. ఇవాళ కంప్యూటరు ముందు కూర్చున్న ఎడిటరు టైమ్‌లైన్‌లో డ్రోను షాటు ఒకటి, ఫోను షాటు ఒకటి, సినిమా కెమెరా షాటు ఒకటి పక్కపక్కన పెట్టి "ఇది ఎందుకిలా కుదుపుతోంది?" అని తల పట్టుకుంటున్నాడంటే, అతని చేతిలో ఉన్నది ఆ పాత చిక్కే.

చిక్కు మొదలైంది చేతితో తిప్పే పిడి దగ్గర. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి చూపించిన సినిమాటోగ్రాఫ్ సెకనుకు దాదాపు 16 ఫ్రేముల మీద నడిచేది. పిడి ఒక చుట్టు తిప్పితే ఎనిమిది ఫ్రేములు, సెకనుకు రెండు చుట్లు. అమెరికాలో ఎడిసన్ మనుషులు అంతకు ముందే సెకనుకు 40కి పైగా తీసి చూశారు గాని, ఫిల్ము ఖరీదైన వస్తువు. 16తో పని గడిచిపోతుంటే 40 ఎవడు తగలేస్తాడు?

ఆ 16 కూడా కాగితం మీది అంకె మాత్రమే. కెమెరామన్ చెయ్యి గడియారం కాదు. పోట్లాట వస్తే కావాలనే మెల్లగా తిప్పేవాడు, తెరమీద దెబ్బలు చురుగ్గా పడాలని. సినిమా హాల్లో ఆపరేటరు తన లెక్క తను వేసుకునేవాడు. ఇంకో ఆట ఇరికించాలని యజమాని చెబితే వేగం పెంచేవాడు. 1920లు వచ్చేసరికి చూపించే వేగం తీసిన వేగాన్ని దాటి పరుగెత్తడం మామూలైపోయింది. మూకీ చరిత్రకారుడు కెవిన్ బ్రౌన్‌లో 1980లో ఈ విషయం మీద ఒక వ్యాసం రాశాడు. మూకీ సినిమా సరైన వేగం ఏమిటన్నది దాని ప్రశ్న. అన్నిటికీ సరిపోయే ఒక్క జవాబు లేదన్నదే దాని సారాంశం. ఒకే సినిమాలో ఒక సన్నివేశానికీ ఇంకోదానికీ వేగం మారొచ్చు. అంటే వేరువేరు ఫ్రేమ్ రేట్లు కలిపి వాడటం ఎడిటింగు సాఫ్ట్‌వేర్లతో వచ్చిన జబ్బు కాదు. ఆ రోజుల్లో అదే పద్ధతి, పేరు పెట్టలేదంతే.

మాట వచ్చాక ఈ స్వేచ్ఛ చెల్లలేదు. నడక కాస్త వేగమైతే కన్ను సర్దుకుంటుంది. పాట అరస్వరం పైకి జారితే చెవి ఊరుకోదు. 1926లో వార్నర్ బ్రదర్స్ 'డాన్ జువాన్'తో వైటాఫోన్ పద్ధతి తెచ్చినప్పుడు ఫిల్ముతో పాటు ఒక పెద్ద గ్రామఫోను ప్లేటు తిరిగేది. రెండూ ఒకే మోటారు మీద, ఒకే వేగంతో తిరగాలి. ఏ వేగం? వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఇంజనీరు స్టాన్లీ వాట్కిన్స్ తరవాత చెప్పుకున్న ప్రకారం ప్రయోగశాలలో పరిశోధనలేమీ జరగలేదు. వార్నర్ వాళ్ల ప్రొజెక్షన్ పెద్దను పిలిచి, హాళ్లలో ఫిల్ము ఎంత వేగంతో నడుపుతున్నారని అడిగారు. పెద్ద హాళ్లలో నిమిషానికి 80 నుంచి 90 అడుగులు, చిన్న హాళ్లలో ఇంకా ఎక్కువ అన్నాడు. సరే, 90 అనుకుందాం అన్నారు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. 90ని 16తో గుణించి 60తో భాగిస్తే 24. వందేళ్లుగా సినిమా సౌందర్యానికి మూలమంటూ పూజలందుకుంటున్న అంకె పుట్టుక ఇంతే: ఆపరేటర్లకు అలవాటైన వేగం.

'ఆలం ఆరా' 1931లోనూ, 'భక్త ప్రహ్లాద' 1932లోనూ వచ్చాయి. మన టాకీలు పుట్టుకతోనే 24 మీద నడిచాయి. అప్పటికే గోడౌన్లలో మూలుగుతున్న మూకీ రీళ్ల గతి ఏమిటి? నేరుగా వేస్తే మహారాజులూ మహాత్ములూ కూడా హాస్యగాళ్లవుతారు. దీనికి ల్యాబుల్లో కనిపెట్టిన ఉపాయం ఆప్టికల్ ప్రింటరులో ఒక ఫ్రేము ఒకసారి, తరవాతి ఫ్రేము రెండుసార్లు ముద్రించడం. ఒకటి, రెండు, రెండు, మూడు, నాలుగు, నాలుగు. ఇలా 16 కాస్తా 24 అవుతుంది. నడక వేగం సరిపోతుంది గాని ప్రతి అడుగులోనూ చిన్న తడబాటు, కాలు కింద రాయి తగిలినట్టు. అయినా ఆ ముద్రణలో ఒక నిజాయితీ ఉంది. కెమెరా చూడనిది ఒక్క ఫ్రేము కూడా అందులో లేదు. ఈ మాటతో ముందు ముందు పని పడుతుంది.

తరవాత టెలివిజన్ వచ్చి 24ని పట్టించుకోలేదు. అది కరెంటు తీగను చూసింది. బ్రిటన్ కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మార్చుకుని వెనక్కి వస్తుంది. కాబట్టి బీబీసీ 1936 నవంబరులో అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి మొదలుపెట్టిన ప్రసారం సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కోటి రెండు సగాలుగా 50 ఫీల్డులు. అమెరికా కరెంటు 60. కాబట్టి అక్కడ 30 ఫ్రేములు. తీగ వేగానికి టీవీ వేగం కలవకపోతే ఆనాటి సెట్లలో బొమ్మ మీద నీడ పట్టీలు పాకేవి. మన కరెంటు 50 గనక మనకు 25 దక్కింది. ఏ దేశం టీవీ ఎంత వేగంతో నడవాలో ఆ దేశంలో మొదట జనరేటర్లు పెట్టినవాళ్లు, తమకు తెలియకుండానే, తేల్చేశారు.

మరి 24 మీద తీసిన సినిమాను టీవీలో వేయడమెలా? 50 హెర్ట్జ్ దేశాల్లో చేసింది మొరటు పనే. ఫిల్మును టీవీ సంకేతంగా మార్చే టెలిసినీ యంత్రాన్ని 25 మీద నడిపేశారు. సినిమా నాలుగు శాతం వేగమైంది. సరిగ్గా మూడు గంటల సినిమా 172 నిమిషాల 48 సెకన్లలో అయిపోతుంది. ఎవరూ గమనించలేదంటే నమ్మొచ్చు, ఒక్క సంగీతం తెలిసినవాళ్లు తప్ప. శ్రుతి స్వరస్థానంలో ఏడు పదో వంతులు పైకి లేస్తుంది. హార్మోనియం ముందు పెట్టుకుని టీవీలో ఘంటసాల పాట పట్టుకోబోయినవాడికి ఏ మెట్టు నొక్కినా కలవదు: ఇది తక్కువ, పక్కది ఎక్కువ. ఆ పాట రెండు మెట్ల మధ్య సందులో ఉంది.

అమెరికాకు ఈ సులువు లేదు. 24ని 30 చేస్తే సినిమా పాతిక శాతం వేగమై కార్టూనవుతుంది. అక్కడివాళ్లు ఫీల్డులతో సర్దారు. ఒక సినిమా ఫ్రేము రెండు ఫీల్డులకు, తరవాతిది మూడు ఫీల్డులకు. నాలుగు ఫ్రేములు పది ఫీల్డులవుతాయి, అంటే అయిదు టీవీ ఫ్రేములు. లెక్క తెగింది. కెమెరా నిదానంగా ఒక పక్కకు తిరిగే షాటులో మాత్రం బొమ్మ కుంటుతుంది. అమెరికా ప్రేక్షకులు తరతరాలుగా ఆ కుంటినడకనే సినిమా నడక అనుకున్నారు.

ఆ 30 కూడా 30గా మిగల్లేదు. 1953 డిసెంబరులో అమెరికా కలర్ టీవీ పద్ధతిని ఆమోదించింది. రంగు సంకేతానికీ ధ్వని సంకేతానికీ పొసగక బొమ్మ మీద చుక్కల అల్లిక కనపడే ప్రమాదం వచ్చింది. ధ్వనిని కదిలిస్తే ఇళ్లలో ఉన్న బ్లాక్ అండ్ వైట్ సెట్లకు ఇబ్బంది. అందుకని బొమ్మ వేగాన్నే వెయ్యిన్నొకటిలో ఒక వంతు తగ్గించారు. 30 కాస్తా 29.97 అయింది. కొనుక్కున్న సెట్లు పారేయనక్కర్లేకుండా చేసిన ఈ చిన్న సర్దుబాటు ఎడిటర్ల పాలిట శాశ్వతమైన తద్దినం. సెకనుకు 30 చొప్పున ఫ్రేములు లెక్కపెడితే గంటకు 108 ఫ్రేముల తేడా వస్తుంది, అంటే 3.6 సెకన్లు. వార్తల బులెటిను టైముకు ముగియాలి కదా. అందుకని ప్రతి నిమిషం మొదట్లో రెండు అంకెలు దాటేసి, పదో నిమిషంలో మాత్రం దాటకుండా, డ్రాప్ ఫ్రేమ్ టైమ్‌కోడ్ అనే పద్ధతి పెట్టారు. తీసేది ఫ్రేముల్ని కాదు, అంకెల్ని. మన పంచాంగంలో అధిక మాసం కలుపుతారు, వీళ్లు అంకెలు తీస్తారు. రెండూ ఆకాశానికీ కాగితానికీ మధ్య రాజీలే.

ఫ్రేమ్ రేట్ల కలయికలో ఇంతవరకూ అతి పెద్ద సభ జరిగింది 1969 జులైలో.

చంద్రుడి మీద దిగిన ఈగల్‌కు టీవీ ప్రసారం కోసం మిగిలిన రేడియో వెడల్పు 500 కిలోహెర్ట్జ్. మామూలు అమెరికన్ టీవీకి దానికి ఎనిమిది రెట్లకు పైగా కావాలి. అందుకని వెస్టింగ్‌హౌస్ కంపెనీ చేసిన కెమెరా 320 గీతలతో సెకనుకు 10 ఫ్రేములు మాత్రమే పంపింది. లూమియేర్ కన్నా తక్కువ! ఆ సంకేతం కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్‌కూ, ఆస్ట్రేలియాలోని హనీసకల్ క్రీక్, పార్క్స్ కేంద్రాలకూ చేరింది. దాన్ని ఇళ్లలోని టీవీలు చూపగలిగే 30 ఫ్రేములుగా మార్చాలి. మార్చిన విధానం వింటే ఇప్పటి ఎడిటర్లు నవ్వుతారేమో గాని, అప్పట్లో అంతకన్నా దారి లేదు. వచ్చిన బొమ్మను ఒక చిన్న తెరమీద వేసి, దాని ఎదురుగా మామూలు టీవీ కెమెరా పెట్టారు. ఆ కెమెరా ఒక్కో ఫ్రేముకు ఒక ఫీల్డు పట్టుకునేది. దాన్ని అయస్కాంత డిస్కు మీదకెక్కించి, కొత్త ఫ్రేము వచ్చేలోపు అయిదుసార్లు మళ్లీ మళ్లీ వేసేవారు. ఒకటీ అయిదూ ఆరు ఫీల్డులు. పదారులు అరవై.

భారత కాలమానం ప్రకారం జులై 21 ఉదయం 8 గంటల 26 నిమిషాలకు ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు పెట్టాడు. అప్పటికి మన టీవీ ఢిల్లీ దాటలేదు. తెలుగువాళ్లకు అది రేడియోలో విన్న సంగతి, మర్నాటి పత్రికలో చూసిన ఫొటో. చూడగలిగిన దేశాల్లోనూ జనం చూసింది చంద్రుడి నుంచి వచ్చిన బొమ్మను కాదు, దాని నకలును. మొదట తలకిందులుగా వచ్చి, తరవాత నిటారయింది. వ్యోమగామి కదిలినప్పుడల్లా వెనక నీడలా ఒక దెయ్యపు బొమ్మ సాగింది. యూరప్‌కు చేరేసరికి 30ని మళ్లీ 25 చేయాల్సి వచ్చింది. పది ముప్పై అయింది, ముప్పై పాతిక అయింది. ఒక్కో మజిలీలో కొంత మసక చేరింది.

కేంద్రాల్లో ఆ 10 ఫ్రేముల అసలు సంకేతాన్ని కూడా టేపుల మీద ఎక్కించుకున్నారు. అందులో బొమ్మ ఎంతో తేటగా ఉండేది. దశాబ్దాల తరవాత వాటి కోసం వెతికిన నాసా, అవి చెరిపేసి మళ్లీ వాడుకున్న టేపుల్లో కలిసిపోయాయని 2009లో తేల్చింది. మార్చిన కాపీ మిగిలింది, మార్చకముందుది పోయింది. టీవీ స్టేషన్లలో దాచిన ప్రసారపు కాపీలనే శుభ్రం చేయించి ఆ ఏడాది విడుదల చేశారు.

అంతరిక్షంలో జరిగిందే అమెరికాలోని తెలుగు ఇళ్లలోనూ జరిగింది. ఇండియా నుంచి పెళ్లి క్యాసెట్టు వచ్చేది. వీసీఆర్‌లో పెడితే బొమ్మ ఉరుకులు పెట్టేది, లేదా గీతలు తప్ప ఏమీ కనిపించేది కాదు. ఇక్కడిది 25 ఫ్రేముల పాల్, అక్కడిది 29.97 ఎన్‌టీఎస్‌సీ. అన్ని పద్ధతులూ ఆడే ఖరీదైన వీసీఆర్ ఒకటి తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటే అందరూ అక్కడ చేరేవారు. లేదంటే డబ్బిచ్చి మార్పించుకునేవారు. మార్చిన క్యాసెట్టులో అక్షింతలు ఒక్కోటి రెండుగా కనిపించేవి: పాత ఫ్రేమూ కొత్త ఫ్రేమూ ఒకదాని మీద ఒకటి పడటం వల్ల.

డిజిటల్ వచ్చాక ఇదంతా పోతుందనుకున్నారు. పోలేదు సరికదా, పెరిగింది. 2008లో వచ్చిన కెనాన్ 5డీ మార్క్ 2 ఫొటోగ్రాఫర్ల కోసం చేసిన కెమెరా. దాని వీడియో సరిగ్గా 30 ఫ్రేములు. 24 లేదు, 25 లేదు, కనీసం 29.97 కూడా కాదు. ఆ షాటును 29.97 టైమ్‌లైన్‌లో వేస్తే 33 సెకన్లకొకసారి ఒక ఫ్రేము మిగిలిపోతుంది. సినిమావాళ్లు గోల పెట్టాక 2010 మార్చిలో కంపెనీ 24నూ 25నూ ఇచ్చింది. మరుసటి ఏడాదే రామ్‌గోపాల్ వర్మ 5డీ కెమెరాలతో అయిదు రోజుల్లో 'దొంగల ముఠా' తీశాడు. ఇప్పుడు ఫోన్లు ఇంకో అడుగు ముందుకేశాయి. వెలుతురు తగ్గితే అవి తమంతట తామే ఫ్రేములు తగ్గిస్తాయి. ఒకే షాటులో వేగం అటూ ఇటూ ఊగుతుంది. మళ్లీ పిడి తిప్పిన రోజులే, కాకపోతే తిప్పేది చిప్పు. ఎడిటింగులో పెదాలకూ మాటకూ పొత్తు తప్పడానికి చాలాసార్లు ఇదే మూలం.

కావాలని కలిపితే మాత్రం అది కళే. తెలుగు సెట్లో "హై స్పీడ్" అంటే స్లో మోషన్ అని కొత్తవాళ్లకు అర్థం కావడానికి ఒక రోజు పడుతుంది: పరుగెత్తేది కెమెరా, నెమ్మదించేది తెరమీది హీరో. పాటను 48 ఫ్రేముల మీద తీయాలంటే ప్లేబ్యాక్ రెట్టింపు వేగంతో వేస్తారు. హీరోహీరోయిన్లు ఆ ఉడత గొంతుకు పెదాలు కలుపుతూ మెరుపులా ఆడతారు. తెరమీద గాలిలో తేలుతూ, పాటతో సరిగ్గా కలిసి కనిపిస్తారు. 2018 నాటి 'స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్‌వర్స్'లో కుర్ర హీరో మైల్స్ తడబడే రోజుల్లో సెకనుకు 12 బొమ్మల మీద కదులుతాడు, అదే ఫ్రేములో పక్కనున్న అనుభవజ్ఞుడు 24 మీద. పని నేర్చుకున్నాక మైల్స్ కూడా 24కి ఎక్కుతాడు. 2022లో జేమ్స్ కామెరూన్ రెండో 'అవతార్'లో కొన్ని షాట్లు 48 మీద, కొన్ని 24 మీద వేశాడు. ప్రొజెక్టరు మాత్రం అంతటా 48 మీదే నడిచింది; 24 షాట్లలో ప్రతి ఫ్రేమూ రెండుసార్లు పడింది. పాత ఆప్టికల్ ప్రింటరు ఉపాయమే మళ్లీ.

ఇక అసలు పేచీ, లేని ఫ్రేముల గురించి. ఇవాళ్టి సాఫ్ట్‌వేరు రెండు ఫ్రేముల మధ్య ఏ చుక్క ఎటు జరిగిందో ఊహించి, నడిమి ఫ్రేమును తనే గీస్తుంది. దీన్నే ఆప్టికల్ ఫ్లో అంటున్నారు. పీటర్ జాక్సన్ 2018లో 'దే షల్ నాట్ గ్రో ఓల్డ్' కోసం మొదటి ప్రపంచ యుద్ధపు ఫిల్మును ఇలాగే 24కి తెచ్చాడు. అవి 10 నుంచి 18 ఫ్రేముల దాకా రకరకాల వేగాల్లో తీసినవి. ఫలితం చూసినవాళ్లు నివ్వెరపోయారు. కీలుబొమ్మల్లా ఎగిరే సైనికులు ఒక్కసారిగా మనుషులై, కెమెరా వైపు తిరిగి సిగ్గుపడ్డారు. చలనచిత్ర చరిత్రకారుల్లో కొందరు మాత్రం ఇది చరిత్రకు రంగు పూయడమేనన్నారు.

వాళ్లది ఛాందసమని కొట్టిపారేయలేం. 16 ఫ్రేములను కదలిక సమంగా వచ్చేలా 24కి సాగదీస్తే, కెమెరా చూసిన క్షణంతో సరిగ్గా కలిసేవి సెకనుకు 8 మాత్రమే. మిగతా 16 యంత్రం ఊహ. మూడింట రెండు వంతులు! పాత ల్యాబు పద్ధతిలో తడబాటు ఉంది, అబద్ధం లేదు. కొత్త పద్ధతిలో తడబాటు లేదు. సినిమాకు కొత్తదే బాగుంటుంది. సాక్ష్యానికి పాతదే నయం. దండి యాత్ర రీలును ఎవరైనా ఇలా సాగదీసి "గాంధీ ఇలాగే నడిచాడు" అంటే, ఎంత వేగంతో అన్నది సరే, ఆ అడుగులు ఎవరివని అడగాల్సి ఉంటుంది.

బీరువా పై అరలో, ప్లాస్టిక్ కవరులో చుట్టిన పాల్ పెళ్లి క్యాసెట్టు ఉన్న ఇళ్లు ఇప్పటికీ తెలుగునాట చాలా ఉన్నాయి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించే షాపులు కొన్ని బొమ్మ నున్నగా ఉంటుందని 30కో 60కో మార్చి ఇస్తాయి. మార్చిన కాపీ అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపుకోండి, తప్పు లేదు. ముందు మాత్రం 25 ఫ్రేములు, 50 ఫీల్డులు ఉన్నవి ఉన్నట్టుగా ఒక కాపీ అడిగి తీసుకుని దాచండి.